భూకంపం ‘తీవ్రత 3.0’ అంటే ఏమిటి? కేంద్రం ఫలానా చోట అని ఎలా తేలుస్తారు?

2024 డిసెంబరు 4, ఉదయం 7.27 గంటలు. ములుగు జిల్లా కేంద్రంగా భూమి కంపించింది. హైదరాబాద్, వరంగల్, ఖమ్మం సహా చాలాచోట్ల జనం ఇళ్లలోంచి బయటికొచ్చారు. రిక్టర్ స్కేలుపై తీవ్రత 5.3 అని వార్తలొచ్చాయి. మూడు రోజుల తర్వాత, డిసెంబరు 7 మధ్యాహ్నం ఉమ్మడి మహబూబ్‌నగర్ ప్రాంతంలో మరో కంపం నమోదైంది. ఈసారి తీవ్రత 3.0.

జడ్చర్ల నుంచి గద్వాల దాకా అప్పుడు చాలామందికి వచ్చిన అనుమానాలు ఇవే. ములుగు కంపమే ఇటు పాకిందా? 5.3కి, 3.0కి మధ్య తేడా ఎంత? మనకు ఏమీ తెలియకపోయినా భూకంపం వచ్చిందని ఎలా చెబుతున్నారు? వీటికి జవాబు కావాలంటే ముందు ఆ అంకెలు ఎలా పుడతాయో చూడాలి.

కంపాన్ని పట్టేది ఎవరు?

దేశంలో భూకంపాల నమోదు బాధ్యత కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ కింద ఢిల్లీలో పనిచేసే నేషనల్ సెంటర్ ఫర్ సిస్మాలజీది. దీన్ని ఎన్‌సీఎస్ అంటారు. దేశవ్యాప్తంగా 150కి పైగా స్టేషన్ల నుంచి దీనికి 24 గంటలూ సమాచారం అందుతుంది. హైదరాబాద్ ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, అంటే ఎన్‌జీఆర్‌ఐ, 1961లో ఏర్పడింది. అక్కడి శాస్త్రవేత్తలు కూడా సొంత పరికరాలతో కంపాలను నమోదు చేస్తారు.

స్టేషన్‌లో ఉండే పరికరం సిస్మోమీటర్. దీని సూత్రం తేలికే. బస్సు ఒక్కసారిగా కదిలితే నిలబడ్డవాళ్లు వెనక్కి తూలుతారు కదా. అలాగే నేల కదిలినప్పుడు పరికరం లోపల వేలాడే బరువు ఉన్నచోటే ఉండిపోవాలని చూస్తుంది. నేలకు, ఆ బరువుకు మధ్య వచ్చిన తేడానే కొలుస్తారు. పైకీ కిందికీ, ఉత్తర దక్షిణాలకు, తూర్పు పడమరలకు అని మూడు దిశల్లో విడివిడిగా రికార్డు చేస్తారు. మనిషికి ఏమాత్రం తెలియని కదలికను కూడా ఇది పట్టేస్తుంది. లారీ పోయినా, రైలు పోయినా దీనిమీద గీత పడుతుంది. అందుకే వీలైనంత వరకు రద్దీకి దూరంగా, గట్టి రాయి మీద అమరుస్తారు.

కేంద్రం ఎక్కడో ఎలా తెలుస్తుంది?

మెరుపు కనిపించాక ఉరుము వినిపించేదాకా లెక్కపెట్టి పిడుగు ఎంత దూరంలో పడిందో అంచనా వేసే అలవాటు ఊళ్లలో ఉంది. భూకంపం దూరాన్ని కట్టేదీ అదే పద్ధతిలో.

భూమి లోపల రాళ్లు పగిలి జరిగినప్పుడు ముఖ్యంగా రెండు రకాల తరంగాలు బయల్దేరతాయి. మొదటివి పి-తరంగాలు. ఇవి సెకనుకు సుమారు 6 కిలోమీటర్ల వేగంతో, రాయిని ముందుకూ వెనక్కూ నెడుతూ వస్తాయి. రెండోవి ఎస్-తరంగాలు. వీటి వేగం సెకనుకు సుమారు 3.5 కిలోమీటర్లు. ఇవి నేలను పక్కలకు ఊపుతాయి. అందుకే కొన్నిసార్లు ముందు చిన్న కుదుపు, కాసేపటికి పెద్ద ఊపు వచ్చినట్టు అనిపిస్తుంది.

రెండూ ఒకేసారి బయల్దేరినా దూరం పెరిగేకొద్దీ వాటి మధ్య ఎడం పెరుగుతుంది. ఆ ఎడాన్ని సెకన్లలో కొలిచి 8తో గుణిస్తే కేంద్రం ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో ఉజ్జాయింపుగా వస్తుంది.

ములుగు కంపాన్నే తీసుకుందాం. కేంద్రం నుంచి జడ్చర్లకు నేరుగా గీత గీస్తే సుమారు 290 కిలోమీటర్లు. ఈ లెక్కన జడ్చర్లలో పి-తరంగం తగిలిన దాదాపు 36 సెకన్లకు ఎస్-తరంగం చేరాలి. హైదరాబాద్‌లో అయితే ఎడం 27 సెకన్లే. అంటే అక్కడినుంచి దూరం సుమారు 220 కిలోమీటర్లు.

కానీ ఒక్క స్టేషన్‌లో ఈ ఎడం చూస్తే దూరం మాత్రమే తెలుస్తుంది, ఏ దిక్కునో తెలియదు. కాబట్టి మ్యాపు మీద హైదరాబాద్ చుట్టూ 220 కిలోమీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీయాలి. విజయవాడలో కూడా ఒక పరికరం ఉందనుకుందాం. అక్కడినుంచి కూడా దూరం దాదాపు 220 కిలోమీటర్లే వస్తుంది. ఈ రెండు వృత్తాలు రెండుచోట్ల కలుస్తాయి. ఒకటి ములుగు దగ్గర, ఇంకొకటి నల్లమలలో గిద్దలూరు ప్రాంతంలో. రెండింటిలో ఏది నిజం? మూడో వృత్తం చెప్పాలి. నాగ్‌పూర్ నుంచి సుమారు 325 కిలోమీటర్ల వృత్తం గీస్తే అది ములుగు మీదుగా పోతుంది. గిద్దలూరుకు ఎంతో దూరంలో ఆగిపోతుంది. తగువు తేలినట్టే.

ఇప్పుడు కాగితం మీద వృత్తాలు గీసే పని లేదు. పదుల స్టేషన్లలో తరంగాలు చేరిన సమయాలను కంప్యూటర్ ఒకేసారి సరిచూసి, అన్నింటికీ బాగా సరిపోయే చోటును ఎంచుతుంది. సూత్రం మాత్రం అదే.

లోతు 10 కిలోమీటర్లేనా?

రాయి పగిలిన అసలు చోటును నాభి అంటారు. దానికి నిట్టనిలువుగా పైన నేలమీద ఉండే చోటు అధికేంద్రం. వార్తల్లో ‘భూకంప కేంద్రం’ అని వచ్చేది మామూలుగా ఈ అధికేంద్రమే.

లోతు కట్టడం అన్నింటికన్నా కష్టం. దగ్గర్లో స్టేషన్ ఉంటేనే అది కచ్చితంగా వస్తుంది. లేనప్పుడు 10 కిలోమీటర్లు అనే అంకెను ముందే పెట్టుకుని మిగతా లెక్క కట్టడం ప్రపంచవ్యాప్తంగా చాలా సంస్థలకు అలవాటు. భూకంపాల జాబితాల్లో 10 కిలోమీటర్ల లోతు తరచూ కనిపించడానికి ఇదొక కారణం. ములుగు కంపానికి ఎన్‌సీఎస్ ఇచ్చిన లోతు 40 కిలోమీటర్లు. అంత లోతు నుంచి వచ్చే తరంగాలు పైకి చేరేలోపు కొంత బలం కోల్పోతాయి. అదే సమయంలో విశాలమైన ప్రాంతానికి తెలుస్తాయి.

‘తీవ్రత’ అనే మాటతోనే చిక్కు

మన వార్తల్లో ‘తీవ్రత’ అనే ఒక్క మాట రెండు వేర్వేరు కొలతలకు వాడేస్తుంటారు. గందరగోళం చాలావరకు ఇక్కడే మొదలవుతుంది.

మొదటిది మాగ్నిట్యూడ్. దీన్ని పాఠ్యపుస్తకాల్లో పరిమాణం అంటారు. రాళ్లు పగిలినచోట విడుదలైన బలానికి ఇది కొలత. ఒక భూకంపానికి ఇది ఒక్కటే ఉంటుంది. రెండోది ఇంటెన్సిటీ. అసలు తీవ్రత అనాల్సింది దీన్నే. మీ ఊళ్లో, మీ ఇంట్లో ఎంత ఊగింది అనేదానికి ఇది కొలత. ఊరూరికీ మారుతుంది.

జాతరలో మైకు పెట్టారనుకోండి. ఆంప్లిఫయర్ మీద వాల్యూమ్ ఒక్కటే. పక్కనున్నవాళ్లకు చెవులు పగులుతాయి, ఊరి చివర ఉన్నవాళ్లకు సన్నగా వినిపిస్తుంది. వాల్యూమ్ పరిమాణం లాంటిది. ఎవరికి ఎంత వినిపించిందనేది తీవ్రత. ‘హైదరాబాద్‌లో 5.3 తీవ్రతతో భూకంపం’ అని ఎవరైనా ఫార్వర్డ్ చేస్తే అది తప్పు. 5.3 అనేది ములుగు దగ్గర పుట్టిన కంపం పరిమాణం.

పరిమాణాన్ని ఎలా కడతారు?

1935లో అమెరికాలోని కాలిఫోర్నియాలో చార్లెస్ రిక్టర్ ఈ స్కేలును తయారుచేశారు. ఒక రకం సిస్మోగ్రాఫ్ మీద, 100 కిలోమీటర్ల దూరంలో పుట్టిన కంపానికి గీత ఎత్తు ఒక మిల్లీమీటరు వస్తే దాన్ని 3 అనుకున్నారు. ఎత్తు పదింతలైతే 4, వందింతలైతే 5. స్టేషన్ దగ్గరున్నా దూరమున్నా, దూరానికి తగిన సవరణ చేసి ఒకే అంకె వచ్చేలా చూస్తారు.

అంటే ఒక్క అంకె పెరిగితే కదలిక 10 రెట్లు, విడుదలయ్యే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతుంది. ఆ లెక్కన 3.0తో పోలిస్తే 5.3లో కదలిక సుమారు 200 రెట్లు, శక్తి సుమారు 2,800 రెట్లు ఎక్కువ. ‘5.3లో సగానికి పైగా వచ్చింది’ అని భయపడాల్సిన పనిలేదు.

రిక్టర్ పద్ధతి పెద్ద భూకంపాలకు సరిగా పనిచేయదు. ఒక స్థాయి దాటాక గీత ఎత్తు పెరగడం ఆగిపోతుంది. అందుకే 1979లో హాంక్స్, కనమోరి అనే శాస్త్రవేత్తలు మొమెంట్ మాగ్నిట్యూడ్‌ను తెచ్చారు. పగులు ఎంత వైశాల్యంలో జరిగింది, రాయి ఎంత దూరం జరిగింది, ఆ రాయి ఎంత గట్టిది అనే మూడింటిని బట్టి దీన్ని కడతారు. ఇప్పుడు పెద్ద భూకంపాలకు ఇచ్చే అంకె ఇదే. ‘రిక్టర్ స్కేలు’ అనే పేరు మాత్రం వాడుకలో మిగిలిపోయింది.

ఒకే భూకంపానికి రెండు సంస్థలు వేర్వేరు అంకెలు ఇవ్వడానికి కూడా కారణం ఉంది. వాడిన స్టేషన్లు వేరు, కట్టే పద్ధతి వేరు. పైగా మొదటి నిమిషాల్లో కంప్యూటర్ ఇచ్చే అంకెను తర్వాత నిపుణులు చూసి సరిచేస్తారు. అంకె మారిందంటే ఏదో దాచిపెట్టారని కాదు.

తీవ్రతను కొలిచేది మనుషులూ ఇళ్లూ

తీవ్రతకు మన దేశంలో ఎంఎస్‌కే అనే 12 మెట్ల స్కేలు వాడుతున్నారు. మూడో మెట్టులో ఇళ్లలో ఉన్న కొద్దిమందికే తెలుస్తుంది. నాలుగులో గిన్నెలు, కిటికీలు గలగలమంటాయి. ఐదులో నిద్రపోతున్నవాళ్లు మేల్కొంటారు. ఆరులో జనం భయపడి బయటికి పరుగెత్తుతారు, గోడల గచ్చు పగులుతుంది. పై మెట్లకు వెళ్లేకొద్దీ గోడలు కూలుతాయి.

దూరంతోపాటు కింద ఉన్న నేల, ఇల్లు కట్టిన తీరు కూడా దీన్ని మారుస్తాయి. మెత్తటి మట్టి, పూడ్చిన చెరువు మీద కట్టిన ఇల్లు బండ మీది ఇంటికన్నా ఎక్కువ ఊగుతుంది. అపార్టుమెంటులో పై అంతస్తుల వాళ్లకు తెలిసిన కంపం కింద వాచ్‌మన్‌కు తెలియకపోవచ్చు. ఇద్దరూ చెప్పేది నిజమే.

మహబూబ్‌నగర్‌ది ఆఫ్టర్‌షాకా?

ఆఫ్టర్‌షాక్‌లు పెద్ద కంపం పగులు చుట్టుపక్కలే వస్తాయి. 5.3 స్థాయిలో ఆ పగులు కొద్ది కిలోమీటర్లే ఉంటుంది. మహబూబ్‌నగర్ కంపం అక్కడికి 300 కిలోమీటర్లకు పైగా దూరంలో పుట్టింది. కాబట్టి దాన్ని ములుగు ఆఫ్టర్‌షాక్ అనలేం.

క్వారీ పేలుళ్లు, సొరంగం పనులు జరిగేచోట ఇంకో అనుమానం వస్తుంది. పేలుడు నేలను అన్ని దిక్కులకూ బయటికి నెడుతుంది. అందుకే చుట్టూ ఉన్న స్టేషన్లలో మొదటి కదలిక ఒకే తీరుగా ఉంటుంది, ఎస్-తరంగాలు బలహీనంగా వస్తాయి. సహజ భూకంపంలో రాయి పక్కకు జారుతుంది కాబట్టి కొన్ని స్టేషన్లను నెడుతుంది, కొన్నింటిని లాగుతుంది. నిపుణులు తేడా పట్టేది ఇలాగే.

జలాశయాల సంగతి కూడా కొట్టిపారేసేది కాదు. మహారాష్ట్రలోని కోయినాలో డ్యామ్ నిండాక 1967 డిసెంబరులో 6.3 పరిమాణంతో భూకంపం వచ్చింది. 2020 జనవరిలో పులిచింతల పరిసరాల్లో, సూర్యాపేట జిల్లా చింతలపాలెం వైపు వరుసగా కంపాలు వచ్చినప్పుడు ఎన్‌జీఆర్‌ఐ వాటిని పరిశీలించింది.

దక్షిణ తెలంగాణకు ముప్పు లేనట్టేనా?

2016 నాటి ఐఎస్ 1893 ప్రమాణం ప్రకారం తెలంగాణలో ఎక్కువ భాగం జోన్ 2లో ఉంది. నాలుగు జోన్లలో ముప్పు తక్కువన్నది ఇదే. భద్రాచలం వైపు జోన్ 3. అక్కడ 1969 ఏప్రిల్ 13న 5.7 పరిమాణంతో భూకంపం వచ్చింది.

తక్కువ ముప్పు అంటే ముప్పు లేదని అర్థం కాదు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున మహారాష్ట్ర లాతూర్ జిల్లా కిల్లారి ప్రాంతంలో 6.2 భూకంపం వేలమందిని బలి తీసుకుంది. అప్పటి మ్యాపులో ఆ ప్రాంతం అన్నింటికన్నా తక్కువ ముప్పున్న జోన్ 1లో ఉంది. చంపింది ఎక్కువగా రాళ్లు, మట్టితో కట్టిన మందపాటి గోడలు. పాలమూరు పల్లెల్లోనూ అలాంటి పాత మిద్దెలు ఉన్నాయి. రాళ్లకు పట్టులేని గోడ, మట్టి బరువు మోసే కప్పు ఉన్న ఇంటికి చిన్న అంకె కూడా పెద్దదే. కొత్తగా కట్టేవారు పునాది దగ్గర, కిటికీలపైన, కప్పు కింద గోడ చుట్టూ కాంక్రీటు బెల్టు వేయిస్తే గోడలు విడిపోకుండా పట్టి ఉంచుతుంది.

కంపం తెలిస్తే ఏం చేయాలి?

• ఊగుతున్నప్పుడు మెట్లవైపు, లిఫ్టువైపు పరుగెత్తొద్దు. గట్టి బల్ల కిందికి చేరి, తల కాపాడుకుని, బల్లను పట్టుకోండి. పాత రాతి ఇంట్లో గుమ్మం దగ్గరే ఉంటే ఖాళీ స్థలంలోకి వచ్చేయండి.

• ఆగాక గోడల పగుళ్లు, గ్యాస్ సిలిండర్ చూడండి. అత్యవసరమైతే 112కు ఫోన్ చేయండి.

• సమాచారాన్ని ఎన్‌సీఎస్ వెబ్‌సైట్‌లో గానీ, దాని ‘భూకంప్’ యాప్‌లో గానీ సరిచూసుకోండి. పరిమాణం, కేంద్రం, లోతు, సమయం అక్కడ ఉంటాయి.

• ఆండ్రాయిడ్ ఫోన్లలో భూకంప హెచ్చరికలు 2023 నుంచి మన దేశంలో అందుబాటులో ఉన్నాయి. సెట్టింగ్స్‌లో భద్రతకు సంబంధించిన విభాగంలో ఆన్ చేసుకోవచ్చు. ఇవి కంపం పుట్టాక, అది మీదాకా వచ్చేలోపు కొద్ది సెకన్ల ముందు హెచ్చరించేవి మాత్రమే.

• ‘రేపు ఇన్ని గంటలకు పెద్దది వస్తుంది’ అనే మెసేజ్‌ను ఫార్వర్డ్ చేయొద్దు. రోజు, గంట, చోటు ముందే చెప్పగల పద్ధతి ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు.