గేమ్ కంపెనీలో పని అంటే ఏ గదిలో పని?



ఈమధ్య మనవాళ్ళు ఇద్దరు ముగ్గురు మమ్మల్ని ఒకటే మాట అడిగారు. "మా పిల్లోడికి బెంగళూరులో గేమ్ కంపెనీలో పని దొరికింది. ఆడుకునేదానికి జీతమా? అది నిలిచే పనేనా?" రైల్వే ఆఫీసులో బల్ల ముందు ఏళ్ళు గడిపినవాళ్ళం. ఏ సంస్థ పేరు విన్నా మాకు మొదట తోచేది ఒకటే: లోపల ఏ పని ఏ సెక్షన్‌ది, ఎవరి కింద ఎవరు? ఆ లెక్కన చదివి తెలుసుకున్నది రాస్తున్నాము.

ముందు జపాన్ కథ. క్యోటోలో 1889లో పేకముక్కలు తయారుచేసే కొట్టుగా పుట్టింది నింటెండో. 1965లో గున్‌పేయి యొకోయి అనే యువకుడు అక్కడ చేరింది మిషన్లు చూసుకునే పనికి. ఖాళీ వేళ సరదాకి చేసుకున్న సాగే చెయ్యి బొమ్మ ఒకటి యజమాని హిరోషి యమౌచి కంటపడింది. ఆయన తిట్టలేదు, దాన్నే అమ్మకానికి తయారుచెయ్యమన్నాడు.

తర్వాత యమౌచి పనివాళ్ళను విభాగాలుగా పంచాడు. మొదటిదానికి పెద్ద యొకోయి, రెండోదానికి మసయుకి ఉయెమురా, మూడోదానికి గెన్యో తకెదా. ఒక గదికి ఇంకో గది పోటీ. ఉయెమురా గది నుంచి 1983లో టీవీకి తగిలించి ఆడే ఫామికామ్ వచ్చింది. యొకోయి గది నుంచి 1989లో చేతిలో పట్టుకొని ఆడే గేమ్ బాయ్ వచ్చింది. 1977లో బొమ్మలు గీసే పనికి చేరిన షిగెరు మియామోతో, 1981లో డాంకీ కాంగ్ ఆట చేస్తుంటే పక్కన ఉండి దారి చూపింది యొకోయే. ఆ తర్వాత నాలుగో విభాగం ఏర్పడింది. 1985లో సూపర్ మారియో బ్రదర్స్‌ను మియామోతో అక్కడే చేశాడు. అంటే ఒక గదిలో నేర్చిన విద్య ఇంకో గదిలో కాపు కాసింది.

2004లో సతోరు ఇవాత అధ్యక్షుడుగా ఉండగా ఈ పాత విభాగాలను కలిపి మళ్ళీ సర్దారు. 2015లో ఆటలు చేసే రెండు పెద్ద విభాగాలనూ ఒకటి చేశారు. తలుపు మీద బోర్డులు ఇన్నిసార్లు మారినా, పెద్దవాళ్ళ పక్కన చిన్నవాళ్ళు కూర్చొని నేర్చుకోవడం మాత్రం ఆగలేదు.

ఇది మాకు కొత్త కాదు. 2003 ఏప్రిల్ 1న నైరుతి రైల్వే మొదలై, మన బెంగళూరు డివిజన్ దక్షిణ రైల్వే నుంచి దాని కిందికి వచ్చింది. హెడ్డాఫీసు చెన్నై పోయి హుబ్లీ అయ్యింది. సీళ్ళు మారాయి, కాగితాల మీద పేరు మారింది. ఏ ఫైలు ఏ బీరువాలో ఉందో తెలిసిన మనిషి మాత్రం అదే కుర్చీలో ఉన్నాడు. తమిళ మీడియంలో చదివిన మాకు ఇంగ్లీషులో నోటు రాయడం నేర్పింది రూల్ పుస్తకం కాదు, పక్క కుర్చీ పెద్దాయన.

ఇప్పుడు బెంగళూరుకు వద్దాము. 1997లో రాజేశ్ రావు అక్కడ ధ్రువ ఇంటరాక్టివ్ పెట్టారు. విదేశీ కంపెనీల ఆటల్లోకి కార్లు, చెట్లు, కట్టడాలు కంప్యూటర్లో తయారుచేసి పంపడం దాని ముఖ్యమైన పని అయ్యింది. కొన్నేళ్ళకు స్వీడన్‌కు చెందిన స్టార్‌బ్రీజ్ దాన్ని కొన్నది. 2019లో రాక్‌స్టార్ గేమ్స్ ఆ వాటా కొని, బెంగళూరులో అంతకుముందే ఉన్న తన రాక్‌స్టార్ ఇండియాలో కలిపేసుకుంది.

రాక్‌స్టార్ గదులు ఒకే ఊళ్ళో లేవు. ఎడిన్‌బరో స్టూడియో ఒకప్పుడు డీఎంఏ డిజైన్, శాన్‌డియాగోది ఏంజెల్ స్టూడియోస్. అవీ చేతులు మారి రాక్‌స్టార్ పేరు పెట్టుకున్నాయి. ముందు ఒక్కో ఆటకు ఒక్కో స్టూడియో పెద్ద దిక్కు. 2018లో రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 వచ్చేసరికి బెంగళూరుతో సహా అన్ని ఊళ్ళవాళ్ళూ ఒకే ఆట మీద కూర్చున్నారు.

మన పక్క పట్టు పని లాంటిదే ఇది. ఆకు పెంచేది ఒకరు, పురుగు మేపేది ఒకరు, శిడ్లఘట్టలో గూళ్ళు కొని నూలు తీసేది ఇంకొకరు, నేసేది ఎక్కడో. చీర మీద ఆకు పెంచినవాడి పేరు ఉండదు. ఆటల లోకంలోనూ ఈ పేరు బాధ పాతదే. అమెరికాలో అటారి కంపెనీ ఆట చేసినవాళ్ళ పేర్లు బయటికి చెప్పేది కాదు. వారెన్ రాబినెట్ అనే ఆయన తన ఆట లోపల ఎవరికీ తెలియకుండా ఒక గది కట్టి, అందులో తన పేరు రాసుకున్నాడు. 1979లో నలుగురు అటారి విడిచి, యాక్టివిజన్ పెట్టడంలో చెయ్యి కలిపి, ఆట మీద తమ పేర్లు వేయించుకున్నారు.

కాబట్టి తల్లిదండ్రులారా, కంపెనీ పేరు, జీతం అడిగి ఆగిపోవద్దు. కంపెనీ చేతులు మారవచ్చు, బోర్డు మారవచ్చు. ఇంకో మూడు మాటలు అడగండి. ఏ విభాగంలో పని? నేర్పే పెద్ద పక్కన ఉన్నాడా? ఆట చివర పేర్ల పట్టీలో నీ పేరు వస్తుందా? ఏళ్ళ తరబడి కారు చక్రం ఒక్కటే చేస్తుంటే, కారు మొత్తం ఎలా కడతారో చూపించమని అడగమనండి. రేపు ఆ కంపెనీని ఎవరు కొన్నా పిల్లోడి వెంట వచ్చేది ఆ విద్య, ఆ పేరు.

మన పిల్లల్లో ఇప్పటికే ఈ పనిలో ఉన్నవాళ్ళకు ఒక మనవి. ఒక ఆదివారం సంఘానికి వచ్చి, వెనక వచ్చే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మీ గదిలో ఏం జరుగుతుందో చెప్పండి. కుర్చీలు వెయ్యడానికి మేము ఉన్నాము.