చిత్తజల్లు పుల్లయ్య: గోదావరి కళ, కలకత్తా పెట్టుబడి

తెలుగు సినిమా చరిత్రను మనం తారల పేర్లతోను, చిత్రాలు ఆడిన వారాల లెక్కతోను చెప్పుకుంటున్నాము. చిత్రం ఎవరి డబ్బుతో తయారయింది, ఆ డబ్బు ఏ కథను కోరింది, ఏ కథను దూరంగా ఉంచింది అన్న ప్రశ్న మాత్రం అరుదుగా వేస్తాము. గోదావరి జిల్లాల తొలి చిత్రకారులలో ఒకరైన చిత్తజల్లు పుల్లయ్య (1898–1967) జీవితాన్ని ఈ ప్రశ్న దృష్ట్యా పరిశీలిస్తే, ఒక ప్రతిభావంతుని కథే గాక, ఒక ప్రాంతపు ఆర్థిక చరిత్ర కూడా బయటపడుతుంది.

పుల్లయ్య కాకినాడవారు. మచిలీపట్నానికి చెందిన రఘుపతి వెంకయ్య 1921లో మద్రాసులో స్టార్ ఆఫ్ ది ఈస్ట్ కంపెనీని నెలకొల్పారు. ఆయన కుమారుడు ప్రకాశ్ దగ్గర మూకీల పని నేర్చుకున్నవారిలో పుల్లయ్య ఒకరు. తరువాత కాకినాడ తిరిగివచ్చి, తన ఇంటినే స్టూడియో చేసుకొని, 'భక్త మార్కండేయ' అనే మూకీ తీశారు. అందులో యముడి వేషం ఆయనదే. వేషం, దర్శకత్వం, స్థలం అన్నీ ఒకే మనిషివి. చేతివృత్తివాడు తన పనిముట్లతో తన ఇంట పనిచేసుకున్నట్టే తెలుగు సినిమా గోదావరి తీరాన మొదలయింది.

ప్రపంచంలో ఇతర చోట్ల కూడా సినిమా బాల్యం ఇలాంటిదే. ఫ్రాన్సులో జార్జి మెలియే 1896 నుంచి చిత్రాలు తీశాడు. పారిస్ పక్కన మోంత్రోలో అద్దాల గది కట్టుకొని, వేషాలు తానే వేసి, తెరలు తానే రాసుకున్నాడు. పెద్ద కంపెనీలు మార్కెట్టును ఆక్రమించుకున్న తరువాత ఆయన నిలవలేకపోయాడు. 1913 నాటికి ఆయన చిత్రనిర్మాణం ఆగిపోయింది. కొన్నేళ్ళకు మోంపర్నాస్ రైలు స్టేషనులో బొమ్మల కొట్టు పెట్టుకొని బతకవలసి వచ్చింది. ఇంటి పనివాడు ఫ్యాక్టరీ ముందు ఓడిపోవడం పెట్టుబడిదారీ విధానపు సామాన్య సూత్రం. పుల్లయ్య బొమ్మలకొట్టు పెట్టుకోలేదు. కాని టాకీలు రావడంతోనే ఆయన కాకినాడ వదలి పెట్టుబడి ఉన్నచోటికి పోవలసి వచ్చింది.

గోదావరి డెల్టాలో డబ్బు లేదా? 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాల పొలాలు, కొబ్బరితోటలు సృష్టించిన సంపద తక్కువదేమీ కాదు. కాని ఆ మిగులు ఎక్కువగా భూమి కొనుగోళ్ళలోను, వడ్డీ వ్యాపారంలోను, కట్నాలలోను తిరిగింది. పరిశ్రమ వైపు నడిచింది స్వల్పం. రాజమండ్రిలో నిడమర్తి సూరయ్య 1936లో దుర్గా సినీటోన్ స్థాపించారు. విశాఖపట్నంలో ఆంధ్రా సినీటోన్ వెలిసింది. రెండూ ఎక్కువకాలం నిలవలేదు. తెలుగు చిత్రాలకు గోదావరి జిల్లాలు ప్రేక్షకులను, పాటగాళ్ళను, నటులను ఇచ్చాయి. లాభం లెక్క మాత్రం వేరే ఊళ్ళలో జరిగింది.

కలకత్తాలో ఖేమ్కా కుటుంబపు ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీ పుల్లయ్యకు అవకాశం ఇచ్చింది. 1933లో 'సావిత్రి', 1934లో 'లవకుశ' వచ్చాయి. మైలవరం బాలభారతీ సమాజం నాటకంగా ఆడి పేరు తెచ్చిన కథే 'సావిత్రి'. వేమూరి గగ్గయ్య యముడు, రామతిలకం సావిత్రి. పద్యం అప్పటికే జనం నోట ఉన్నది, కథ అందరికీ తెలిసినది. కనుక వ్యాపారికి నష్టభయం తక్కువ. పౌరాణికాల వెల్లువకు ప్రజల భక్తి ఒక్కటే కారణమని చెప్పేవారు ఈ లెక్కను మరచిపోతున్నారు.

అయితే 'లవకుశ' చూడటానికి బండ్లు కట్టుకొని తరలివచ్చిన జనాన్ని మూఢులని కొట్టిపారేయడం కూడా తప్పే. ఆనాడు కోనసీమవారు కాకినాడ వెళ్ళాలంటే ముక్తేశ్వరం రేవులో గౌతమి దాటి కోటిపల్లిలో రైలెక్కాలి. 1928లో వేసిన ఆ రైలుమార్గాన్ని, యుద్ధానికి ఇనుము కావాలని 1940లో తెల్లదొరల ప్రభుత్వం పెకలించింది. మళ్ళీ 2004లో గాని రైలు రాలేదు. ఇంతటి ప్రయాణపు రోజులలో నిండుచూలాలిని అడవికి పంపిన కథకు స్త్రీలు కన్నీరు పెట్టారంటే, వారు ఏడ్చింది రాముడి మహిమకు కాదు, తమ ఇళ్ళలో తాము ఎరిగిన అన్యాయానికి.

ఆ కన్నీటికి కథలోనే ఒక కట్ట ఉన్నది. సీతమీద నింద వేసే నోరు చాకలివాడిది. శిక్ష విధించిన సింహాసనం నిష్కళంకంగానే మిగిలిపోతుంది. అదే ఉత్తరకాండలో తపస్సు చేసినందుకు ప్రాణం పోగొట్టుకున్న శంబూకుడు ఉన్నాడు. త్రిపురనేని రామస్వామి 1920లోనే 'శంబూకవధ' నాటకంగా రాశారు. ఆ ప్రశ్న సాహిత్యంలోకి వచ్చింది గాని, పెట్టుబడి దాన్ని తెరమీదికి రానివ్వలేదు. ప్రశ్న మాత్రం చావలేదు. 2022లో కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు చేర్చినప్పుడు అమలాపురంలో లేచిన మంటలు చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

పుల్లయ్యకు సాంఘిక దృష్టి లేదా? ఉన్నదనటానికి 1939లో వచ్చిన 'వరవిక్రయం' సాక్ష్యం. కాళ్ళకూరి నారాయణరావు నాటకానికి అది తెర రూపం. కట్నపు బేరానికి తాళలేక కాళింది ప్రాణం తీసుకుంటుంది. చెల్లెలు కమల పెళ్ళాడి, వరుణ్ణి మేము డబ్బిచ్చి కొన్నాము గనుక అతడే మా ఇంటికి రావాలని తిరగబడుతుంది. పెళ్ళిని సరుకుల బేరంగా చూపి, ఆ బేరపు తర్కంతోనే దాన్ని ఓడించిన కథ ఇది. కాళింది పాత్రతో భానుమతి తొలిసారి తెరమీదికి వచ్చింది. ఆ యేడే గూడవల్లి రామబ్రహ్మం 'రైతుబిడ్డ' జమీందారుల ఆగ్రహానికి గురయింది. కట్నాన్ని విమర్శిస్తే సహించిన ధనికవర్గం, భూమి మాట ఎత్తితే సహించలేదు. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. కట్నం ఇంకా పోలేదు. దాన్ని పోషించే ఆస్తిసంబంధాలు పోనందువల్లనే.

చిత్రనిర్మాణంలో శ్రమ సంగతి కూడా ఉన్నది. కోనసీమలో రావులపాలెం దగ్గర రావులపాడులో పుట్టిన రేలంగి వెంకట్రామయ్య 1935 నుంచి పుల్లయ్య దగ్గర చిన్న వేషాలు వేస్తూ, కంపెనీ పనులు చూస్తూ గడిపారు. 1948లో 'వింధ్యరాణి' వచ్చేదాకా గుర్తింపు లేదు. హాస్యచక్రవర్తి బిరుదు వెనుక పదమూడేళ్ళ చాకిరీ ఉన్నది.

చివరకు పుల్లయ్య కూడా డబ్బు చేతిలోనే చిక్కారు. రంగులలో 'లవకుశ' 1958లో మొదలయి, డబ్బు చాలక ఆగిపోయింది. మిగిలిన భాగం కుమారుడు సి.ఎస్. రావు పూర్తిచేయగా 1963లో విడుదలై, పూర్తి నిడివి తెలుగు రంగుల చిత్రాలలో మొదటిదయింది. చాకలి దంపతులుగా రేలంగి, గిరిజ నవ్వించారు. నింద వేసే నోరు మారలేదు, దానికి రంగు మాత్రం వచ్చింది.

నేడు కోనసీమ కాలవగట్లు, కొబ్బరితోటలు ఎన్నో చిత్రాలకు అందమైన నేపథ్యం. ఆ తోటలలో చెట్టెక్కే దింపు కార్మికుడు, ఆ పొలంలోని పాలికాపు, ఊరి చివరి పేటవాడు ఆ చిత్రాలకు నాయకులు కావడం అరుదు. పుల్లయ్య శక్తి చాలక ఆ కథలు రాలేదని చరిత్ర చెప్పడం లేదు. 'వరవిక్రయం' తీసిన చేతికి అవి అసాధ్యం కావు. తెర ఎవరిదో కథ వారిది. సినిమా గురించి విద్యార్థులతో మాట్లాడే ప్రతి ఉపాధ్యాయుడూ ముందుగా ఈ సంగతి నుంచి మొదలుపెట్టాలి.