నాన్నగారి లాగ్‌బుక్కులు

నాన్నగారు వదిలి వెళ్ళిన వస్తువులు మా ఇంట్లో ఒక రేకు ట్రంకుపెట్టెలో పట్టేశాయి. రెండు పతకాలు, పదకొండు లాగ్‌బుక్కులు, అట్టపెట్టెల నిండా పోస్టుకార్డులు, ఇత్తడి మెరుగు తగ్గని ఒక మోర్స్ కీ. పతకాల గురించి ఎవరైనా అడిగితే, "అవి ఆనాడు సైన్యంలో ఉన్నవాళ్ళందరికీ ఇచ్చినవే" అని మాట దాటవేసేవారు. అది వినయం కాదు, నిజమే. 1965 నాటి రక్షా మెడల్, 1971 నాటి సంగ్రామ్ మెడల్ అలాంటివే. కార్డుల గురించి అడిగితే మాత్రం పూటంతా చెప్పేవారు. ఆయన జీవితంలో ఏది ముఖ్యమో, ఏది కాదో ఆయనే అలా విడదీసి పెట్టుకున్నారని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

మాది తాడేపల్లిగూడెం దగ్గర ఒక పల్లె. రెండు ప్రపంచ యుద్ధాలకూ మనుషులను పంపిన మాధవరం ఆ చుట్టుపక్కలదే. కాబట్టి పందొమ్మిదేళ్ళ కుర్రవాడు 1959లో సైన్యంలో చేరడం మా వైపు వింత కాదు. వింత ఏమిటంటే ఆయన చేతికి వచ్చిన ఆయుధం. ఆయనను సిగ్నల్స్ దళానికి ఎంపిక చేసి జబల్‌పూర్ శిక్షణ కేంద్రానికి పంపారు. 1911 ఫిబ్రవరి 15న పుట్టిన ఆ దళానికి చిహ్నం రోమన్ల దేవదూత మెర్క్యురీ, నినాదం 'తీవ్ర చౌకస్'. అంటే వేగంగా, భద్రంగా. "తుపాకి నేర్పారు, కాని తిండి పెట్టింది మాత్రం చూపుడువేలూ బొటనవేలూ" అనేవారు నాన్నగారు.

మోర్స్‌ను చుక్కలుగా, గీతలుగా చదివేవాడు ఎప్పటికీ ఆపరేటర్ కాలేడట. అది కంటితో నేర్చే లిపి కాదు, చెవితో నేర్చే భాష. మనం 'అమ్మ' అన్న మాటను అక్షరాలుగా విడగొట్టుకుని వినం కదా, అలాగే కొన్నాళ్ళకు ఆ కూతలు మాటలై వినిపిస్తాయట. ఇంకొక సంగతి కూడా చెప్పేవారు. ఏ ఇద్దరి దస్తూరీ ఒకటి కానట్టే ఏ ఇద్దరి కీ చప్పుడూ ఒకటి కాదు. ఒకరు గీతను కాస్త సాగదీస్తారు, ఒకరు అక్షరాల నడుమ తొందరపడతారు. పేరు తెలియకపోయినా, ముఖం చూడకపోయినా, అవతలి మనిషి ఫలానా అని చప్పుడును బట్టి గుర్తుపట్టవచ్చు.

1962 నవంబరులో ఆయన తేజ్‌పూర్‌లో ఉన్నారు. ఆ నెల మూడో వారంలో సేలా, బొమ్‌డిలా ఒకదాని వెంట ఒకటి చేజారిపోయాయి. చరిత్ర పుస్తకాలలో అది ఒక పటం మీద వెనక్కి జరిగే గీత. నాన్నగారికి అది చెవిలో జరిగిన యుద్ధం. నిన్నటి దాకా పలికిన స్టేషన్ ఈవేళ పలకదు. పిలుస్తారు, మళ్ళీ పిలుస్తారు, గరగర తప్ప ఏమీ రాదు. అది సెట్టు పాడై ఆగిన మౌనమో, మనిషి పోయి ఆగిన మౌనమో తెలియదు. నవంబరు 21న చైనా ఏకపక్షంగా కాల్పుల విరమణ ప్రకటించిన తరువాత కూడా ఆ పిలుపులు కొన్నాళ్ళు సాగాయట. ఆ మాట ఆయన జీవితం మొత్తం మీద నాతో ఒకే ఒక్కసారి చెప్పారు. తరువాత లేచి వెళ్ళి పెరట్లో మొక్కలకు నీళ్ళు పోశారు.

1965లో ఖేమ్‌కరణ్ వైపు, 1971లో తూర్పు సరిహద్దులో పనిచేశారు. 1971 డిసెంబరులో చిత్రమైన సంగతి జరిగింది. యుద్ధరంగంలో ఉన్న కొడుకు కోసం మా నాయనమ్మ దేవుళ్ళకు మొక్కుకుంటుంటే, కొడుకు ఇంటి గురించి బెంగపడ్డాడు. డిసెంబరు 3 అర్ధరాత్రి ఘాజీ జలాంతర్గామి విశాఖ తీరానికి దగ్గరలోనే మునిగింది. ఆ వార్త కొద్ది రోజులకు తెలిసినప్పుడు, యుద్ధం తనకన్నా తనవాళ్ళకే దగ్గరగా వెళ్ళిందని ఆయనకు అనిపించిందట. అదే నెల 16న ఢాకాలో లొంగుబాటు జరిగింది. సుమారు తొంభైమూడు వేలమంది బందీలయ్యారు. ఆ రోజు ఎలా గడిచిందని నేను అడిగితే, "చాలా సందేశాలు. చెయ్యి నొప్పి పుట్టింది" అన్నారు.

1976లో పింఛనుతో ఇంటికి వచ్చారు. ఊళ్ళో రేడియోలు బాగుచేస్తూ మూడేళ్ళు గడిపి, పరీక్ష రాసి, 1979లో హామ్ లైసెన్సు సంపాదించారు. పుట్టినవాడికి పేరు పెట్టినట్టు ప్రభుత్వం ఒక కాల్ సైన్ ఇస్తుంది. మన దేశంలో చాలామందికి అది 'వీయూ టూ' తో మొదలవుతుంది. రాజీవ్ గాంధీ కూడా వీయూ టూ ఆర్‌జీ అన్న గుర్తుతో ఆకాశవీధిలో మాట్లాడినవారే.

కొనడానికి డబ్బు లేదు, కొందామన్నా దొరికేవి కావు. పాత సామాను దుకాణాలలో ఏరిన విడిభాగాలతో, 807 వాల్వు ఒకటి పెట్టి, నలభై వాట్లకు మించని ట్రాన్స్‌మిటర్ కట్టుకున్నారు. వందల వోల్టుల సెట్టును విప్పి పరీక్షించేటప్పుడు ఎడమచేతిని లాల్చీ జేబులో పెట్టుకునేవారు. రెండు చేతులూ తగిలితే కరెంటు గుండె మీదుగా పోతుంది, ఒక చెయ్యే అయితే బతికే వీలుంటుంది. ఏడు మెగాహెర్ట్జ్‌కు అరవై ఆరు అడుగుల తీగ కావాలి. మా డాబా పిట్టగోడ నుంచి కొబ్బరిచెట్టు దాకా అది సాగింది. అమ్మ దాని మీద బట్టలు ఆరవేయబోతే జరిగిన రభస మా ఇంట ఇప్పటికీ కథగా చెప్పుకుంటాం.

ఆ తీగ ఎంతదూరం పలుకుతుందన్నది సూర్యుడి మీద ఆధారపడి ఉండేది. సూర్యుని మచ్చలు దాదాపు పదకొండేళ్ళకొకసారి పెరిగి తగ్గుతాయి. మచ్చలు పెరిగినప్పుడు అయనావరణం చిక్కబడి, ఎక్కువ పౌనఃపున్యాల తరంగాలను కూడా దూరదేశాలకు వంచి పంపుతుంది. మా నాన్నగారు పంచాంగం చూసి ప్రయాణం పెట్టుకోలేదు గాని, సూర్యుని మచ్చలు చూసి మాత్రం రాత్రి భోజనం వేళ మార్చుకున్నారు.

హామ్‌ల మధ్య కొన్ని నియమాలు ఉన్నాయి. వ్యాపారం మాట్లాడకూడదు, రాజకీయం మాట్లాడకూడదు, గూఢభాష వాడకూడదు. పదిహేడేళ్ళు గూఢభాషలో బతికిన మనిషికి ఆ చివరి నియమం ఎంత హాయినిచ్చి ఉంటుందో! మాట కలిసిన గుర్తుగా ఒకరికొకరు క్యూఎస్‌ఎల్ కార్డు పంపుకుంటారు. అట్టపెట్టెలలోనివి అవే.

వాటిలో ఒకటి లాహోర్ నుంచి వచ్చింది.

మనకు ఏపీ అంటే ఆంధ్రప్రదేశ్. రేడియో తరంగాల మీద ఏపీ అంటే పాకిస్తాన్ కాల్ సైన్‌లకు మొదటి అక్షరాలు. చిన్నప్పుడు లాగ్‌బుక్కులో ఆ అక్షరాలు చూసి, ఎవరో మన జిల్లా వారనుకున్నాను. 1986 నాటి ఆ పేజీలో తేదీ, సమయం, పౌనఃపున్యం, సంకేత బలం రాసి, పక్కన ఒకే ఒక్క మాట రాసుకున్నారు: 'ఫౌజీ'. అవతలివాడూ సైనికుడే, అదే పని చేసినవాడే అన్నమాట. కీ చప్పుడును బట్టే తెలిసిపోయిందట. సైన్యంలో నేర్చిన చెయ్యి దాగదు.

"ఖేమ్‌కరణ్‌లో మీ ఎదుటి వైపు ఉన్నవాడేమో నాన్నగారూ! 65లో ఎక్కడ ఉన్నారని అడిగారా?" అన్నాను.

"అడగలేదు. ఆయనా అడగలేదు."

"మరి ఏం మాట్లాడుకున్నారు?"

"వాన సంగతి. అక్కడ పడలేదట. ఇక్కడ పడిందని చెప్పాను."

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఇంతటి అవకాశాన్ని వాన కబుర్లతో వృథా చేశారని ఎగతాళి చేశాను. ఆయన ఏమీ అనలేదు. ఈవేళ ఆ మాటలు గుర్తుకు వస్తే నా ముఖం నాకే చూపించుకోబుద్ధి కాదు. అడగకపోవడం వాళ్ళకు చేతకాక కాదు. అడిగితే ఇద్దరిలో ఒకరు ఇంకెప్పుడూ పలకరని ఇద్దరికీ తెలుసు. జవాబు రాని పిలుపు ఎలా ఉంటుందో తేజ్‌పూర్‌లో విన్న మనిషి ఆయన.

తరువాతి పాతికేళ్ళలో ఆయన నేర్చినవన్నీ ఒక్కొక్కటిగా సెలవు తీసుకున్నాయి. 2003లో జరిగిన ప్రపంచ రేడియో సమావేశం హామ్ లైసెన్సుకు మోర్స్ తప్పనిసరి అన్న అంతర్జాతీయ నిబంధనను తొలగించింది. 2005 మే 5న శ్రీహరికోట నుంచి హామ్‌ల కోసమే హామ్‌శాట్ ఉపగ్రహం ఎగిరినప్పుడు, అరవై అయిదేళ్ళ వయసులో అల్యూమినియం గొట్టాలతో కొత్త ఏంటెన్నా చేసుకుని, డాబా మీద ఆకాశానికి గురిపెట్టి తిరిగారు. 2013 జులైలో దేశంలో తంతి సేవ ముగుస్తుందని తెలిసి, పనిగట్టుకుని విజయవాడ వెళ్ళి నాకొక టెలిగ్రాం ఇచ్చారు. అందులో క్షేమసమాచారం, చివర 73 అన్న అంకె. హామ్‌ల భాషలో దానికి 'శుభాకాంక్షలు' అని అర్థం. కౌంటరులోని మనిషి అదేమిటని అడిగితే, "మా వాడికి తెలుసులెండి" అన్నారట. నిజానికి నాకు తెలియదు. ఫోన్ చేసి అడిగి తెలుసుకున్నాను.

2014 జులైలో హామ్‌శాట్ మూగబోయింది. ఆ నవంబరులో నాన్నగారు వెళ్ళిపోయారు. చివరి నాలుగు రోజులు మాట పడిపోయింది. మంచం పట్టె మీద చూపుడువేలు కదులుతూ ఉండేది. వణుకేమో అనుకున్నాం. నేను చెయ్యి పట్టుకుని ఆపాను కూడా. అది వణుకే కావచ్చు. కాకపోతే ఏమిటన్నది చదవగలిగినవారు ఆ గదిలో ఎవరూ లేరు.

చనిపోయిన హామ్‌ను వాళ్ళు 'సైలెంట్ కీ' అంటారు. లాహోర్ కార్డు మీది చిరునామాకు ఆ కబురు రాశాను. జవాబు రాలేదు. అప్పటికి ఆయన మాత్రం ఉన్నారో లేదో.

యాభై ఏళ్ళు దాటాక మోర్స్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. నిమిషానికి ఎనిమిది మాటలు దాటలేదు, దాటుతానన్న ఆశా లేదు. ఆయన కీ మీద చెయ్యి వేసినప్పుడల్లా ముందుగా ఒకటే పంపుతాను, ఏ సెట్టుకూ తగిలించకుండానే: డా డా డిట్ డిట్ డిట్, డిట్ డిట్ డిట్ డా డా. అది 73.