గుర్రానికి ఏమి కనిపిస్తుంది? – అశ్వశిక్షణ చరిత్రలో కొన్ని పుటలు

ఉర్దూలో ‘సియాసత్’ అంటే రాజకీయం, రాజ్యపాలన. గుర్రాన్ని సాకే ‘సాయీస్’, ఈ ‘సియాసత్’ రెండూ ఒకే అరబ్బీ ధాతువు నుండి పుట్టిన మాటలు. సంగీతం నేర్చుకునేవారు రోజూ చేసే ‘రియాజ్’ కూడా అటువంటిదే. లొంగని గుర్రపుపిల్లను దారికి తెచ్చే పనికి అరబ్బులు వాడిన మాట నుండి అది వచ్చింది. అనగా పాలించటం, నేర్పటం అనే రెండు పెద్ద పనులకూ పూర్వులు గుర్రపుశాల నుండే పేర్లు తెచ్చుకున్నారన్నమాట. అయితే ఆ శాలలో నేర్పిన పద్ధతి ఎటువంటిది? దెబ్బతోనా, దయతోనా? బడిలో పిల్లలకు పాఠాలు చెప్పే మా వంటివారు ఈ ప్రశ్నను ఊరికే దాటిపోలేరు. కావున చరిత్రలో కొన్ని పుటలు తిరగవేసి, మాకు తెలిసినంతలో పాఠకుల ముందుంచుతున్నాము.

గ్రీకు సేనాని జెనోఫన్ క్రీస్తుపూర్వం 4వ శతాబ్దంలో గుర్రపుస్వారీ మీద ఒక చిన్న గ్రంథం రాశాడు. కోపంలో ఉన్నప్పుడు గుర్రం జోలికి పోవద్దన్నది అందులో ముఖ్యమైన హెచ్చరిక. దారిలో ఏదైనా చూసి గుర్రం బెదిరితే చాలామంది కొరడా తీస్తారు. అలా కొడితే ఆ నొప్పి కూడా ఆ వస్తువు వల్లనే కలిగిందని గుర్రం అనుకుంటుంది, భయం రెట్టింపవుతుంది అని ఆయన వివరించాడు. దాన్ని మెల్లగా ఆ వస్తువు దగ్గరికి తీసుకుపోయి, అందులో భయపడవలసిందేమీ లేదని చూపించాలట. బలవంతం మీద చేసే పని ఏమిటో గుర్రానికే తెలియదని కూడా ఆయన అభిప్రాయం. సుమారు 2,300 ఏళ్ళ కిందటే ఒక మనిషి గుర్రం తలలో ఏమి జరుగుతుందో ఆలోచించాడంటే ఆశ్చర్యంగా లేదూ!

అరబ్బు దేశంలో గుర్రం ఇంటి మనిషితో సమానం. ముహమ్మద్ ప్రవక్త (స) తమ పై వస్త్రంతో గుర్రం ముఖం తుడుస్తూ కనిపించారని, ఎందుకని అడిగితే గుర్రాల విషయంలో ఆ రాత్రి తమకు మందలింపు కలిగిందని చెప్పారని ఇమామ్ మాలిక్ గారి ‘మువత్తా’లో ఉంది. జంతువుల ముఖం మీద కొట్టటం, వాత పెట్టటం హదీసులలో నిషేధింపబడినవి. తరువాత 9వ శతాబ్దంలో, అబ్బాసీ ఖలీఫాల అశ్వశాలలో పనిచేసిన ఇబ్న్ అఖీ హిజామ్ స్వారీ మీద, గుర్రాల వైద్యం మీద అరబ్బీలో గ్రంథం రచించాడు. స్వారీకి పునాది జీను లేకుండా గుర్రం వీపు మీద నిలకడగా కూర్చోవటం అని ఆయన బోధ. జీను లేనప్పుడు గుర్రం ఒంట్లో ప్రతి కండ కదలికా సవారుకు తెలిసిపోతుంది కదా!

మన దేశం సంగతి చూద్దాం. సంస్కృతంలో అశ్వశాస్త్రానికి మూలపురుషుడు శాలిహోత్రుడు. ఆయన పేరే ఉర్దూలో ‘సలోత్రీ’ అయి, గుర్రాల వైద్యుడనే అర్థంలో స్థిరపడింది. తెలుగులో మనుమంచి భట్టు అశ్వలక్షణాల మీద కావ్యమే రాశాడు. అక్బరు కాలపు ‘ఆయీన్-ఎ-అక్బరీ’లో అబుల్ ఫజల్ గుర్రపుశాల కట్టుబాట్లు వివరంగా ఇచ్చాడు. పాదుషా వారి ఖాసా గుర్రం చనిపోతే దరోగా జరిమానా కట్టాలి, సాయీసుల జీతంలో నాలుగోవంతు కోత పడేది. నోరులేని జీవానికి జవాబుదారీ ఉండాలన్న మాట అక్కడ ఉంది. 18వ శతాబ్దం చివర ఉర్దూ కవి సఆదత్ యార్ ఖాన్ రంగీన్ కూడా ‘ఫరస్‌నామా’ రాశాడు.

ఇంత శ్రద్ధ చూపిన పూర్వులలో ఒక లోపం కూడా లేకపోలేదు. ఈ గ్రంథాలలో చాలా పుటలు సుడులకే పోయినవి. నుదుట ఈ సుడి ఉంటే యజమానికి కలిమి, ఇంకోచోట ఉంటే కీడు అంటూ లెక్కలు. ఆ లెక్కన, ఏ తప్పూ చేయని గుర్రం ఒక సుడి మూలంగా చవకబేరమయ్యేది. మన అదృష్టాన్ని దాని చర్మం మీద వెతుక్కున్నాము గాని, దాని కంటితో లోకం ఎలా ఉంటుందో చూడలేదు.

ఆ కన్ను సంగతి ఇప్పుడు బాగా తెలిసింది. గుర్రం వేటాడే జంతువు కాదు, వేటకు గురయ్యే జంతువు. అందుకే దాని కళ్ళు తలకు రెండు పక్కల ఉన్నవి. ఇంచుమించు చుట్టూ చూడగలదు. కాని సరిగ్గా నుదుటి ముందు కొంచెం మేర, సరిగ్గా తోక వెనుక దానికి కనిపించదు. వెనుక నుండి చప్పుడు లేకుండా వచ్చేవాడు దాని దృష్టిలో పులి కావచ్చు, తన్నితే పొగరని మనం అంటాము. ఎండలో నుండి చీకటి కొట్టంలోకి పోయేటప్పుడు దాని కన్ను సర్దుకోవటానికి మనకంటే ఎక్కువసేపు పడుతుంది. గుమ్మం దగ్గర ఆగితే మొండితనమని కొడతాము. మనకు వినిపించని సన్నని ధ్వనులు కూడా దాని చెవికి అందుతాయి.

గుర్రం మనిషిని ఎంత శ్రద్ధగా చదువుతుందో చెప్పే ఉదాహరణ ఒకటుంది. జర్మనీలో బెర్లిన్ నగరంలో వాన్ ఓస్టెన్ అనే పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారు హాన్స్ అనే గుర్రానికి లెక్కలు నేర్పాడు. కూడికలకు అది గిట్టతో నేల తట్టి జవాబు చెప్పేది. 1904లో పండితులు వచ్చి చూసి మోసమేమీ లేదన్నారు. 1907లో ఆస్కార్ ఫంగ్‌స్ట్ పరిశోధన ఫలితం ప్రకటించాడు. అడిగేవాడికి జవాబు తెలియకపోయినా, గుర్రానికి అతను కనిపించకపోయినా, హాన్స్ తప్పేది. సరైన అంకె రాగానే అడిగేవాడి తల తనకు తెలియకుండానే కొద్దిగా కదిలేది, గుర్రం అది చూసి ఆగేది. లెక్క రాదని నవ్వినవాళ్ళు నవ్వారు. మాకైతే, మాస్టారి తల కదలికను అంత సూక్ష్మంగా పట్టే జీవికి కొరడా ఎందుకని అనిపిస్తుంది.

శిక్షణలో అసలు కీలకం కూడా ఇదే. కళ్ళెం లాగినప్పుడు కాదు, చెప్పినట్టు చేయగానే కళ్ళెం వదిలినప్పుడు గుర్రం నేర్చుకుంటుంది. ఆ వదలటం ఆలస్యమైతే తాను చేసింది ఒప్పో తప్పో దానికి అర్థం కాదు. ఇక ముళ్ళ కళ్ళెం వల్ల నోరు పుండవటం తప్ప పాఠం అబ్బదు. జంతుహింస నివారణకు 1960లో చట్టం వచ్చింది. దాని కింద 1965లో వచ్చిన నియమాలు ముళ్ళ కర్రలను, ముళ్ళ కళ్ళేలను నిషేధించినవి.

జట్కాలు మన ఊళ్ళలో దాదాపు కనుమరుగైనవి. పెళ్ళి బరాతులో గుర్రం మాత్రం మిగిలింది. కాళ్ళ దగ్గర టపాకాయలు, చెవి పక్కనే బ్యాండు, కళ్ళలోకి లైట్లు, వెనుక కనిపించని జనం. సంతోషం మనది, భయం దానిది. ఒక్కోసారి అది బెదిరితే దూల్హాకు, పిల్లలకు ప్రమాదం కూడా. కావున గుర్రం మాట్లాడుకునేటప్పుడే ముళ్ళ కళ్ళెం వద్దని, నీళ్ళు మేత ముందే పెట్టమని చెప్పండి. బ్యాండును మొదట దూరం నుండి విననివ్వండి. టపాకాయలు దాని దరిదాపుల్లో కాల్చవద్దు. పిల్లలను వెనుకకు పోనివ్వకండి, భుజం పక్కగా, మాట వినిపిస్తూ రమ్మనండి. బయలుదేరే ముందు సాయీస్ గుర్రం మెడ నిమురుతూ దానితో ఏదో చెబుతుంటాడు. ఆలస్యమవుతోందని అతన్ని తొందరపెట్టకండి. ఆ నాలుగు నిమిషాలూ అతను చేస్తున్నదే అసలు పని.