కెరటాలపై ఓనమాలు

అలలు తగ్గాక సముద్రస్నానం చేద్దామనుకున్నవాడి సంగతి మన పెద్దలు సామెతగా చెప్పారు. కడలి ముందు నిలిచినవాని భయాన్ని ఇంతకంటె క్లుప్తంగా చెప్పడం కష్టం. పసిఫిక్ మహాసముద్రం నడుమనున్న హవాయి ద్వీపవాసులు మాత్రం అలలు తగ్గాలని కాక, పెరగాలని కోరుకున్నారు. కొయ్యపలకపై కెరటం వెంట జారిపోయే విద్యకు వారి భాషలో ‘హెఎ నలు’ అని పేరు. ‘హెఎ’ అంటే జారడం, ‘నలు’ అంటే అల. నేడు లోకమంతా సర్ఫింగు అంటున్నది దీనినే.

ఈ విద్య చరిత్ర రాసేవారు మహావీరులను స్మరిస్తారు. బడిపంతులునైన నా దృష్టి మాత్రం మొదటిరోజున వణుకుతూ నీటిలో దిగినవారి మీదికి, వారి చేయి పట్టినవారి మీదికి పోతుంది.

1779లో కెప్టెన్ కుక్ నౌకాబృందంలోని జేమ్స్ కింగ్ అనే అధికారి కెలకెకువా అఖాతంలో ఈ క్రీడను చూసి వర్ణించాడు. రాజులు, సామాన్యులు, స్త్రీలు, బాలురు అందరూ ఆడిన ఆట అది. 1820లో వచ్చిన క్రైస్తవ మిషనరీలకు ఈ వినోదం రుచించలేదు. అంతకంటె ఘోరమైనవి పరదేశుల వెంట వచ్చిన కొత్త రోగాలు. వాటివలన జనం కుప్పలుగా రాలిపోయారు. ఆడేవారే కరవైతే ఆట ఎక్కడిది? పూర్తిగా నశించకపోయినా అది బాగా క్షీణించింది.

1866లో హవాయి వచ్చిన అమెరికా హాస్యరచయిత మార్క్ ట్వేన్ ఒకమారు పలకతో నీటిలో దిగాడు. పలక ఒడ్డుకు చేరింది, ఆయన అడుగుకు చేరాడు! స్థానికులకు తప్ప ఇతరులకు ఈ విద్య పూర్తిగా పట్టుబడదని 1872లో వెలువడిన ‘రఫింగ్ ఇట్’ గ్రంథంలో తేల్చివేశాడు. ఆ వర్ణనలో గురువు ఊసే లేదు. లోపం శిష్యుని జాతిలో ఉన్నదా, నేర్పేవారు లేకపోవడంలో ఉన్నదా అన్న ప్రశ్న ఆయనకు తట్టలేదు.

దానికి జవాబు 1907లో వైకీకీ తీరాన దొరికింది. నవలాకారుడు జాక్ లండన్ చిన్న పలక పట్టుకొని, లోతులేని నీటిలో అలల దెబ్బలు తింటున్నాడు. అలెగ్జాండర్ హ్యూమ్ ఫోర్డు అనే పాత్రికేయుడు దగ్గరకు వచ్చి, తాను వారాల తరబడి తిప్పలుపడి తెలుసుకున్నదంతా అరగంటలో బోధించాడు. మరునాడు పెద్ద అలలున్న లోతుకు తీసుకువెళ్ళాడు. అక్కడ జార్జ్ ఫ్రీత్ తోడయ్యాడు. ఇతడు తల్లి వైపున హవాయి రక్తం కలవాడు, కెరటంపై నిలబడి స్వారీ చేయగల దిట్ట. లండన్ గ్రహించిన కీలకం ఇది: అలను ఎదిరించరాదు. విరుచుకుపడే కెరటానికి ఎదురొడ్డి బిగుసుకుంటే దెబ్బ తప్పదు. దాని కిందికి మునిగితే అది తలపై నుండి దాటిపోతుంది. కొత్తవాడు భయంతో చేసే మొదటి పని బిగుసుకోవడమే కనుక, ఈ ఒక్క మాటలో సగం విద్య ఉన్నది. పాపం, లండన్‌కు అల దెబ్బ తప్పినా ఎండ దెబ్బ తప్పలేదు. ఒళ్ళు కాలి మంచమెక్కి, అక్కడి నుండే ఆ అనుభవాన్ని వ్యాసంగా రాశాడు. ఫ్రీత్ అదే సంవత్సరం కాలిఫోర్నియాకు వెళ్ళి, అక్కడివారికి కెరటస్వారీని, నీటిలో ప్రాణరక్షణను నేర్పాడు. 1919లో ఇన్‌ఫ్లూయెంజా మహమ్మారికి బలి అయ్యాడు.

ఈ పరంపరలో మరొక మహనీయుడు డ్యూక్ కహనమోకు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్‌లో నూరు మీటర్ల ఈతలో స్వర్ణం గెలిచిన హవాయి బిడ్డ. 1915 ఆరంభంలో ఆస్ట్రేలియాలోని సిడ్నీ చెంత ఫ్రెష్‌వాటర్ తీరాన ప్రదర్శన ఇస్తూ, ఇసబెల్ లేథమ్ అనే పదునైదేళ్ళ బాలికను తన పలకపై ఎక్కించుకున్నాడు. ఆమెకు కెరటం మీది నుండి చూడటం కొండకొమ్ము నుండి కిందికి చూసినట్లు తోచిందట. ఆమె భయపడి వెనుకాడితే, డ్యూక్ మెడ పట్టి లేవనెత్తి నిలబెట్టాడు. అంతే, ఆ విద్య ఆమెను వదలలేదు. అనంతరకాలంలో ఆమె కూడా ఈత నేర్పే గురువైంది.

ఇక్కడ ఒక సంగతి మరువరాదు. 1893లో అమెరికా వర్తకులు, తోటల యజమానులు తమ నౌకాసైనికుల అండతో లిలియువొకలాని రాణిని పదవీచ్యుతను చేశారు. 1898లో ద్వీపాలు అమెరికాలో కలిపివేయబడ్డాయి. 1908లో ఫోర్డు వైకీకీలో స్థాపించిన ‘అవుట్‌రిగ్గర్ కనో క్లబ్బు’లో అత్యధికులు తెల్లవారే. 1911లో డ్యూక్, అతని మిత్రులు ‘హుయి నలు’ అనే తమ సంఘాన్ని ఏర్పరచుకున్నారు. రాజ్యం పోయింది, తమ తీరాన తామే పక్కకు జరగవలసి వచ్చింది. అయినా వైకీకీ యువకులు వచ్చిన ప్రతి యాత్రికునికీ అల ఎక్కడం నేర్పారు. అది వారి జీవిక కూడా కనుక కేవలం ఔదార్యమని అనలేము. కాని విద్యను దాచుకోలేదన్నది మాత్రం నిజం.

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో సర్ఫింగుకు మొదటిసారి స్థానం లభించింది. మహిళల విభాగంలో తొలి స్వర్ణం గెలిచిన కరిస్సా మూర్ హవాయి మూలవాసుల సంతతి. ఆమె నిలిచిన వేదికపై ఎగిరింది అమెరికా జెండా. ఆమె గెలిచిన విద్య పేరు మాత్రం ఇప్పటికీ హవాయి భాషలో ‘హెఎ నలు’.