చిన్నోడి రకాబీలోని తవారీఖ్

దక్కన్ కిచిడీ గురించి కాగితం మీద దొరికే పాత గవాహీల్లో ఒకటి గుర్రాలది. అఫనాసీ నికితిన్ అనే రష్యన్ సౌదాగర్ ఒక గుర్రాన్ని అమ్ముకుందామని సముందర్ దాటి మన వైపు వచ్చాడు. 1470 ప్రాంతంలో బహమనీ సుల్తానుల రాజధాని బీదర్‌లో ఉన్నాడు. అప్పట్లో గోల్కొండ కూడా ఆ సల్తనత్‌లో భాగమే. ఇక్కడివాళ్లు గుర్రాలకు శనగలు పెడతారనీ, చక్కెర, నూనె వేసి ఉడికించిన కిచిడీ కూడా పెడతారనీ తన సఫర్‌నామాలో రాసుకున్నాడు. అదే బీదర్‌లో ఆ రోజు పొద్దున ఎంతమంది తల్లులు అదే కిచిడీని వేళ్లతో మెదిపి బిడ్డల నోట్లో పెట్టి ఉంటారో! వాళ్ల గురించి ఒక్క ముక్క లేదు. ఎట్లుంటుంది లెండి, ఆయన చూపు గుర్రం మీద. పైగా పరదేశీ మర్ద్‌ని జనానాలోకి ఎవరు రానిస్తారు?

అంతకు వందేళ్లకు పైగా ముందే ఇబ్న్ బతూతా ఢిల్లీలో కిచిడీ చూశాడు. బియ్యంలో పెసరపప్పు వేసి వండి, నెయ్యి పోసుకుని రోజూ నాష్తాలో తింటారనీ, తన మగ్రిబ్ దేశంలో హరీరా ఎట్లనో వీళ్లకు ఇది అట్లనీ రాశాడు. ఈ పోలిక నాకు చాలా ఇష్టం. మన హైదరాబాదీ ఇళ్లలో హరీరా అంటే బాలింతకు తాగించేది. ఆయన ఊరి హరీరా వేరే, మన హరీరా వేరే. కానీ ఆ రెండు పేర్లూ ఒకే వాక్యంలో పక్కపక్కన కనబడితే మనసు ఎటు పోతుందో వేరే చెప్పాలా?

తర్వాత మొగల్ జమానా. అబుల్ ఫజల్ ఆయీనె అక్బరీలో షాహీ బావర్చీఖానా లెక్కలన్నీ రాశాడు. కిచిడీ తర్కీబ్ కూడా ఉంది. బియ్యం 5 సేర్లు, పప్పు 5 సేర్లు, నెయ్యి 5 సేర్లు, ఉప్పు సేరులో మూడో వంతు. బియ్యమెంతో నెయ్యి అంత! ఏ నానీ అయినా ఈ హిసాబ్ వింటే "యా అల్లా" అని నెత్తి కొట్టుకుంటుంది. జహంగీర్‌కి గుజరాత్‌లో సజ్జల కిచిడీ తెగ నచ్చింది. మాంసం మానేసే రోజుల్లో అది వండి పెట్టమని హుకుం ఇచ్చానని తన తుజుక్‌లో స్వయంగా రాసుకున్నాడు.

గుర్రాలు తిన్నాయి, ముసాఫిర్లు చూశారు, బాద్షాలు మెచ్చుకున్నారు. ఈ తిండిని అందరికంటే ఎక్కువసార్లు తిన్నది మాత్రం పళ్లు పూర్తిగా రాని పిల్లలు. అందరికంటే ఎక్కువసార్లు వండింది వాళ్ల అమ్మలు. ఆ ఇద్దరి జిక్రే లేదు. తవారీఖ్ రాసినవాళ్లు దస్తర్‌ఖాన్ మీదికి వచ్చిన దాన్ని రాశారు. చంకలో పిల్లోడితో చుల్హా ముందు కూచున్న మనిషిని చూడలేదు. మన తిండి మీద ఇప్పుడొస్తున్న రాతలదీ అదే దారి. హైదరాబాదీ ముసల్మాన్ అనగానే బిర్యానీ దేగ్‌చా. షాదీల్లో ఆ దేగ్‌చాల దగ్గర చెమటోడ్చేది మగ బావర్చీలే. వాళ్ల మెహ్నత్‌ని తక్కువ చేయను. కానీ బిర్యానీ దావత్ రోజుది. మామూలు రోజు పొద్దున ఇంట్లో ఉండేది కిచిడీ, ఖట్టా, కీమా.

మా ఇంట్లో ఇప్పుడు రెండేళ్లవాడు ఒకడున్నాడు. వాడి కోసం నేను రోజూ చేసేదల్లా, అందరికీ వండే కిచిడీలోంచి పచ్చిమిర్చి వేయకముందే ఒక గిన్నెడు తీసి పెట్టడం. మసూర్ పప్పు, బియ్యం, పసుపు, కాస్త ఉప్పు, పైన ఒక చెంచా నెయ్యి. ఈ గిన్నెను చరిత్ర వైపు నుంచి చూస్తే అజీబ్‌గా ఉంటుంది. మిరపకాయ మన మట్టిది కాదు. అమెరికా ఖండాల నుంచి పోర్చుగీసువాళ్ల ఓడల్లో 16వ శతాబ్దంలో వచ్చింది. టమాటా కూడా అటుదే, మన వంటింట్లోకి వచ్చేసరికి ఇంకా ఆలస్యమైంది. నికితిన్ బీదర్‌లో ఉన్నప్పుడు ఇక్కడ ఎవరి కిచిడీలోనూ మిర్చి లేదు, కారం కావాలంటే మిరియాలే. అంటే ఇంట్లో అందరికంటే చిన్నోడి రకాబీలోనే అందరికంటే పాత వంట ఉందన్నమాట. పెద్దవాళ్ల ప్లేట్లు మారుతూ వచ్చాయి. వాడి ప్లేటు ఇబ్న్ బతూతా చూసిన దానికి ఇప్పటికీ దగ్గరగానే ఉంది.

ఖట్టా సంగతి వేరు. నువ్వులు వేయించి నూరి, చింతపండు రసంలో కలిపి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర వేసి పలచగా చేసే పులుసు. చింతపండుకి అరబ్బులు పెట్టిన పేరు తమర్ హింది, అంటే హిందుస్తానీ ఖర్జూరం. ఇంగ్లీషువాళ్ల టామరిండ్ అందులోంచి పుట్టిందే. తెలుగువాళ్ల పులుపు, ఉత్తరాది నుంచి వచ్చిన కిచిడీ, సముందర్ దాటి వచ్చిన మిర్చి ఒకే ప్లేటులో కలిసింది ఈ ఖట్టా పుణ్యానే. ఎవరి పిల్లలు ఎప్పుడు ఖట్టాకి చేయి చాపారన్నది ప్రతి అమ్మకీ యాదుంటుంది. మావాడు మొన్ననే చాపాడు. మొహమంతా ముడుచుకుని, మళ్లీ నోరు తెరిచాడు.

పాలు మాన్పించి అన్నానికి తిప్పే ఆ కాలం గురించి మగవాళ్లు రాయలేదని కాదు. ఖురాన్‌లో బఖరా సూరాలో, పూర్తిగా పాలివ్వదలిస్తే రెండేళ్లు అనీ, ముందే మాన్పించాలంటే తల్లీతండ్రీ ఇద్దరూ మష్వరా చేసుకుని, ఇద్దరి రజామందీతో చేయాలనీ ఉంది. ఆ మాట చాలా ఇళ్లలో తండ్రుల చెవిన పడనే లేదనిపిస్తుంది నాకు. ఇబ్న్ సీనా తన 'అల్ ఖానూన్'లో కూడా రెండేళ్ల పాల గురించీ, ఒక్కసారిగా కాక మెల్లగా మాన్పించడం గురించీ చెప్పాడు. అయితే ఇవి హుకుములూ, సలహాలూ. రాత్రి రెండింటికి లేచి ఏడ్చే పిల్లాణ్ణి ఆ 'మెల్లగా' ఎట్లా దాటించాలో వాటిల్లో దొరకదు.

ఇంకో కడుపు కోత కథ ఉంది. పెద్ద ఖాందాన్లలో పిల్లలకి పాలిచ్చింది చాలాసార్లు కన్నతల్లి కాదు, అన్నా. మొగల్ ఘరానాలో అనగా అనేవారు. అక్బర్‌ని సాకిన మాహం అనగా, జీజీ అనగా పేర్లు తవారీఖ్‌లో నిలబడ్డాయి. వాళ్ల కొడుకులు బాద్షాకి కోకాలయ్యారు, అంటే పాల తమ్ముళ్లు. మాహం కొడుకు ఆధం ఖాన్ 1562లో జీజీ అనగా భర్త అత్గా ఖాన్‌ని చంపాడు. అక్బర్ వాణ్ణి మేడ మీంచి తోయించి చంపించాడు. దాయి పేరు చరిత్రకి ఎక్కడానికి దర్బారు రాజకీయం కావాల్సి వచ్చింది, పాలు సరిపోలేదు. హైదరాబాద్ దేవిడీల్లో కూడా పాలకు అన్నా, వంటకూ ఇంటిపనికీ మామా ఉండేవాళ్లు. (తెలుగు మామ కాదు. హైదరాబాదీలో మామా అంటే పనిమనిషి.) దొరసాని బిడ్డకు నెయ్యి కిచిడీ తినిపించిన ఆ మామా సొంత పిల్లోడు ఆ పూట ఏం తిన్నాడు? ఏ దేవిడీ హిసాబ్ చూసి చెప్పగలం?

ఉర్దూలో ఇల్లు, వంట, పిల్లల పెంపకం గురించి కితాబులు 19వ శతాబ్దంలో బాగా పెరిగాయి. అవీ మొదట మగవాళ్ల చేతివే. డిప్టీ నజీర్ అహ్మద్ 1869లో 'మిరాతుల్ ఉరూస్' నవల రాశాడు. తన కూతుళ్లు చదువుకోవడానికని రాసింది. తర్వాత సాలార్‌జంగ్ పిలిస్తే మన హైదరాబాద్ రియాసత్‌లో నౌకరీకి వచ్చి కొన్నేళ్లున్నాడు. అందులో అస్గరీ ఇంటి లెక్కలు ఎంత బాగా చూస్తుందో! మంచి నవలే, కాదనను. కానీ చదువుతుంటే అస్గరీకి ఎప్పుడూ నిద్ర సరిపోయినట్టే ఉంటుంది. మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ 'బహిష్తీ జేవర్'లో వంటకాలు కూడా చేర్చాడు. ఆయన స్వయంగా ఎన్నిసార్లు గరిటె పట్టాడో అడగడం బేఅదబీ అవుతుంది.

గరిటె పట్టిన చేత్తోనే కలం పట్టిన మనిషి లాహోర్‌లో ఉంది. ముహమ్మదీ బేగం, 1878లో పుట్టింది. భార్య పోయి, ఇద్దరు పిల్లలున్న సయ్యద్ ముంతాజ్ అలీని నికాహ్ చేసుకుంది. పెళ్లయిన కొద్దికాలానికే, 1898లో, ఆడవాళ్ల కోసం 'తహజీబె నిస్వాన్' అనే వారపత్రికకి ఎడిటర్ అయింది. మొదట్లో పంపిన కాపీలు తిట్లతో తిరిగొచ్చేవి. 1900లో కొడుకు పుట్టాడు. ఇక లెక్క మీరే వేయండి: చేతిలో వారపత్రిక, ఇంట్లో ముందే ఇద్దరు పిల్లలు, కాళ్లకు అడ్డం పడుతూ ఒక బుడతడు. ఆ పదేళ్లలోపే నవలలు రాసింది, ఇంటి నిర్వహణ మీద 'ఖానాదారీ', వంటల మీద 'నేమత్ ఖానా' రాసింది. 1908లో చనిపోయింది. నిండా ముప్ఫై ఏళ్లు.

ఆ బుడతడు పెద్దయి ఇంతియాజ్ అలీ తాజ్ అయ్యాడు. 1922లో 'అనార్కలీ' నాటకం రాశాడు. సలీం, అనార్కలి కథ తర్వాత సినిమాలకెక్కింది. మన తెలుగులో కూడా 1955లో అక్కినేని, అంజలీదేవి 'అనార్కలి' చేశారు. కొడుకు కథ తెలియని ఇల్లు లేదు. వాడికి అన్నం తినిపిస్తూ వంటల కితాబ్ రాసిన అమ్మ పేరు ఎంతమందికి తెలుసు?

మళ్లీ మన ఇలాకాకి వద్దాం. 1949లో జాగీర్దారీ రద్దయింది. దేవిడీలు చిన్నవయ్యాయి, నౌకర్లు తగ్గారు, అన్నాలు మామాలు మెల్లగా కనబడకుండా పోయారు. బేగమ్‌లు మొదటిసారి తామే చుల్హా ముందు కూచున్న ఇళ్లున్నాయి. గరీబ్ ఇళ్లలో ఈ ఇన్‌ఖిలాబ్ ఏమీ లేదు, వాళ్లు ఎప్పుడూ కూచున్నదే. తెలంగాణ పల్లెల్లో బీద ముసల్మాన్‌కి అసలు రోజూ బియ్యం ఎక్కడిది? జొన్న రొట్టె, జొన్న గట్క. పిల్లలకి గట్కలోనే పాలో మజ్జిగో పోసి మెత్తగా పిసికేవాళ్లు. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చాక బీదింటి పిల్లల ముద్దలోకి తెల్లన్నం రోజూ రావడం మొదలైంది. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టే అమ్మలు, మావాళ్లూ ఉన్నారు పద్మశాలీలూ ఉన్నారు, ఒళ్లో చాట, పక్కన పిల్లోడు. ఆకు కత్తిరించిన చేతికి తంబాకు వాసన. చేయి కడుక్కుని ముద్ద కలపాలి, మళ్లీ చాట దగ్గరికి రావాలి. వెయ్యి బీడీల లెక్కలో ఈ వక్త్ ఎవరూ కలపరు.

నన్నడిగితే, ఈ వంటకి వచ్చిన అసలు మార్పు మసాలాలో లేదు, మంటలో ఉంది. కట్టెల చుల్హా దగ్గర పాకే పిల్లోడు అంటే ప్రాణం గుప్పిట్లో పెట్టుకోవడమే. పొగ ఇద్దరి గుండెల్లోకీ పోతుంది. ఆవిరి ఒత్తిడితో వండే గిన్నెను డెనిస్ పాపాఁ అనే ఫ్రెంచి ఆయన 1679లోనే చేశాడు, కానీ అది మన వంటింటి దాకా రావడానికి దాదాపు మూడొందల ఏళ్లు పట్టింది. మన దేశంలో కుక్కర్లు 1959 ప్రాంతంలో తయారవడం మొదలైంది. గ్యాస్ అయితే బీద ఆడవాళ్లకి ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకంతో గానీ అందలేదు. మూడు విజిల్స్ అంటే కిచిడీకి ఇరవై నిమిషాలు. మిగిలిన సమయం ఎవరిదైందన్నది వేరే బహస్.

హైదరాబాద్ తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూర్‌లో ఒక చిన్న బెరిబెరి పరిశోధన గదిగా మొదలై, 1958లో మన ఊరికి వచ్చింది. అక్కడి శాస్త్రవేత్తలు బలహీనంగా ఉన్న పిల్లల కోసం సస్తాగా ఒక పొడి తయారు చేశారు. దాని పేరే హైదరాబాద్ మిక్స్. వేయించిన గోధుమ 40 గ్రాములు, శనగపప్పు 16, పల్లీ 10, బెల్లం 20. అంతా కలిపితే 330 కేలరీలు, 11 గ్రాములకు పైన ప్రొటీన్. ధాన్యంలో తక్కువైన లైసిన్ పప్పులో ఉంటుంది, పప్పులో తక్కువైన మెథియోనిన్ ధాన్యంలో ఉంటుంది, రెండూ కలిస్తేనే పిల్లోడి ఒంటికి పడుతుంది. ధాన్యం, పప్పు, కాస్త కొవ్వు: లెక్క చూస్తే కిచిడీ లెక్కే. పప్పూ బియ్యం కలపాలని లాబొరేటరీ లేని కాలంలో తేల్చిన ఆడవాళ్ల పేర్లు మనకి దొరకవు. బీదర్ గుర్రాలు ఏం తిన్నాయో మాత్రం దొరుకుతుంది.