టెన్నెసీ లోయకు దీపము వచ్చిన విధము

ఎండలు మునుపటికంటె ముదురుచున్నవనియు, వానలు వేళ తప్పుచున్నవనియు మీరు పత్రికలలో చదువుచునే యున్నారు. చదువకపోయినను మీ చేలయందు చూచుచునే యున్నారు. బొగ్గును, రాతినూనెను విరివిగా కాల్చుటచే బొగ్గుపులుసు వాయువు ఆకాశమున పేరుకొని, భూమి వేడిమిని బయటికి పోనీయకున్నదని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. కావున పొగలేని శక్తిని పుట్టింపవలెననియు, ఆ పనియందే నిరుద్యోగులకు జీవనము చూపవలెననియు, దాని లాభము బలవంతుల పాలు గాక బీదసాదలకును చెందవలెననియు, ఈ మూడింటిని ఒక్క ముడిగా వేయు రాజ్యవిధానము నేడు పెక్కు దేశములలో చర్చకు వచ్చుచున్నది. అమెరికాలో దీనికి 'గ్రీన్ న్యూడీల్' అని పేరు పెట్టిరి. ఆ పేరులో 'గ్రీన్' అనునది క్రొత్తది. 'న్యూడీల్' అనునది పాతది. 1933వ సంవత్సరమున అధ్యక్షపదవికి వచ్చిన ఫ్రాంక్లిన్ రూజ్వెల్టుగారి కార్యక్రమమునకు అది పేరు. ఆ కార్యక్రమములో టెన్నెసీ నదీలోయ సంస్థ యొకటి. పైని చెప్పిన మూడు ముడులును అక్కడ ఎట్లు పడినవో, ఏది నిలిచినదో, ఏది వీడినదో నేడు మనవి చేసెదను.

టెన్నెసీ నది అమెరికా దేశపు ఆగ్నేయభాగమున అపలాచియా కొండల నీటిని గొని, సుమారు 650 మైళ్లు పారి, ఓహియో నదిలో కలియును. దాని పరీవాహమున ఏడు రాష్ట్రముల భూములున్నవి. అమెరికా యనగానే మనకు మేడలును మోటారుబండ్లును తోచును గాని, 1933లో ఆ లోయను చూచినవాడు అట్లనుకొనడు. తరతరములుగా ప్రత్తియు, మొక్కజొన్నయు వేసి వేసి నేల సారము చచ్చినది. కొండవాలుల అడవిని నరికిరి. మీది మన్ను వానకు కొట్టుకొనిపోయి, పొలముల నడుమ మనిషి దిగిన కనబడనంత లోతు గండ్లు పడినవి. ఏటేట వరదలు. నదీతీరపు పల్లెలలో చలిజ్వరము కాపురముండెడిది. కొన్ని చోట్ల మువ్వురిలో ఒకనికి అది తప్పకుండెను. ఆ కాలమున అమెరికా పట్టణములలో పదిండ్లకు తొమ్మిదింట విద్యుద్దీపములు వెలుగుచుండగా, సేద్యగాండ్ర యిండ్లలో పదింట తొమ్మిదింటికి కిరసనాయిలు దీపమే గతి. పల్లెకు తీగె వేయుటకు మైలుకింత ఖర్చగును, బీదరైతు దానికి తగినంత వాడుకొనడు, గిట్టుబాటు కాదని కంపెనీలవారు చెప్పిరి. వర్తకునిగా చూచిన ఆ లెక్క తప్పు కాదు. అయితే రాజ్యము చూడవలసిన లెక్క అదియేనా యనునది ప్రశ్న.

ఈ ప్రశ్నను పండ్రెండేండ్లకు పైగా విడువక పట్టుకొనినవాడు జార్జి నారిస్ అను సెనేటరు. ఆయన ఆ లోయవాడు కాడు. దూరమున నున్న నెబ్రాస్కా రాష్ట్రమువాడు. టెన్నెసీ బాగుపడిన ఆయనకొక్క వోటు పెరుగదు. మొదటి ప్రపంచయుద్ధకాలమున మందుగుండునకు కావలసిన నత్రజని ద్రవ్యములు చేయుటకై మసిల్ షోల్సు అను చోట ప్రభుత్వమువారు కర్మాగారములను కట్టిరి. వానికి విద్యుచ్ఛక్తి నిచ్చుటకై 1918లో విల్సన్ ఆనకట్టను మొదలిడిరి. యుద్ధము ముగిసెను గాని ఆనకట్ట 1924 వరకు ముగియలేదు. ఇంతలో 1921లో మోటారుబండ్ల హెన్రీ ఫోర్డుగారు కర్మాగారములను యాభై లక్షల డాలర్లకు కొని, ఆనకట్టను నూరేండ్ల కౌలుకు తీసికొందునని ముందుకు వచ్చెను. ఆయన వచ్చిన తమ నేల బంగారమగునని లోయలోని జనులు పెక్కురు సంతోషించిరి కూడ. నారిస్ మాత్రము, ప్రజల సొమ్ముతో కట్టినదానిని, ప్రజల నదిని ఒక్కని చేతి కియ్యరాదని అడ్డుపడెను. ప్రభుత్వమే నడుపవలెనని ఆయన తెచ్చిన బిల్లును చట్టసభ రెండుమార్లు ఆమోదించెను; 1928లో అధ్యక్షుడు కూలిడ్జి, 1931లో అధ్యక్షుడు హూవరు దానిని త్రోసివేసిరి. తుదకు 1933 మే 18వ తేదీన రూజ్వెల్టు సంతకము చేసెను. అట్టి పట్టుదల గల ప్రజాప్రతినిధులు ఏ దేశమునను అరుదే.

క్రొత్త సంస్థకు ముగ్గురు డైరెక్టర్లు. వరద నాపుట, పడవలకు దారి చేయుట, విద్యుత్తు పుట్టించుట, ఎరువులు చేయుట, అడవులు పెంచుట, ఇవన్నియు ఒక్కచేతి పనులే. పూర్వమైతే ఒక్కొక్కదానికి ఒక్కొక్క శాఖయుండి, ఒకరి కాగితము మరియొకరికి చేరులోపల వరద వచ్చి పోయెడిది. మొదట కట్టినది నారిస్‌గారి పేరిటి ఆనకట్ట. 1933లో మొదలై 1936లో పూర్తియయ్యెను. ఎక్కువమందికి కూలి దొరకవలెనని ఆ పనిని దినమునకు నాలుగు జట్లుగా విభజించి, జట్టుకు అయిదున్నర గంటలే పని పెట్టిరి. మిగిలిన వేళలో వడ్రంగము, యంత్రపు పని, సేద్యము నేర్చుకొనుటకు వసతి కల్పించిరి.

సేద్యగాండ్రతో వారు నడచిన తీరు మీరు వినదగినది. భాస్వరపు ఎరువును సంస్థ తన కర్మాగారమున చేయించెను. దానిని అంగడిలో పోసి యమ్మలేదు. ఊరి రైతులు సభచేసి తమలో ఒకనిని ఎన్నుకొనవలెను. రవాణా ఖర్చు మాత్రము పెట్టుకొనిన వానికి ఎరువు ఊరకే యిత్తురు. అతడు వాలు నేలకు అడ్డముగా గట్లు వేసి, నేలను కప్పియుంచు పచ్చిక పైరులు పెంచి, ఏమి పెట్టెనో ఏమి పండెనో లెక్క వ్రాయవలెను. చుట్టుప్రక్కలవారు గట్టుమీద నిలిచి చూతురు. ఉద్యోగి చెప్పిన మాటను రైతు నమ్మడు గాని ప్రక్క చేను చెప్పినదానిని నమ్మును. చలిజ్వరముతో పోరాడిన విధమును ఇట్టి యుక్తిగలదే: జలాశయపు నీటిమట్టమును కొన్ని దినముల కొకసారి కొంచెము తగ్గించుచు, మరల పెంచుచు నుండిరి. ఒడ్డున చేరిన దోమపిల్లలు నీరు తీయగనే ఎండి చచ్చెడివి. 1950 నాటికి లోయలో ఆ జ్వరము దాదాపు లేకపోయెను.

ఇక విద్యుత్తు. 1934లో మిసిసిపీ రాష్ట్రపు టూపెలో పట్టణము ఈ సంస్థవద్ద మొట్టమొదట విద్యుత్తు కొనెను. వెల తగ్గెను, వెల తగ్గగనే వాడకము పెరిగెను, వాడకము పెరిగినందున తక్కువ వెలయే గిట్టుబాటయ్యెను. కంపెనీల లెక్క ఇక్కడ తలక్రిందులైనది. పల్లెలలో రైతులు సహకార సంఘములుగా చేరి తీగెలు వేసికొనిరి. 1935లో రూజ్వెల్టు గ్రామవిద్యుదీకరణ శాఖను నెలకొల్పి అట్టి సంఘములకు దేశమంతట అప్పులిప్పించెను. 1950 తరువాత కొలది యేండ్లలోనే పదిమంది సేద్యగాండ్రలో తొమ్మండ్రుగురి యింట దీపము వెలిగెను. కంపెనీలు ఊరకుండలేదు. వారి పక్షమున వెండెల్ విల్కీ అను సమర్థుడైన న్యాయవాది పోరాడెను. వ్యాజ్యములు అత్యున్నత న్యాయస్థానము వరకు పోయినవి. 1936లోను, 1939లోను సంస్థయే నిలిచెను. 1939లో విల్కీ తన టెన్నెసీ కంపెనీని 7 కోట్ల 86 లక్షల డాలర్లకు అమ్మివేసి, మరుసటి యేడు రూజ్వెల్టుపైననే అధ్యక్షపదవికి పోటీచేసెను!

ఇంతవరకు వెలుగు. దీపము క్రిందనున్న చీకటిని చెప్పకపోయిన చరిత్ర కాదు.

నారిస్ ఆనకట్ట జలాశయము క్రింద సుమారు మూడువేల కుటుంబములు ఇండ్లు విడిచెను. అయిదువేలకు పైగా సమాధులను త్రవ్వి వేరొకచోట పూడ్చిరి. భూమి గలవానికి ప్రభుత్వమువారు వెల కట్టి యిచ్చిరి; ఆ వెల చాలదని పలువురు వగచిరి గాని, ఇచ్చుట మాత్రము ఇచ్చిరి. ఆ భూమినే కౌలుకు దున్నుచున్నవానికి, పాలికాపునకు ఏమి యిచ్చిరి? ఎక్కడకు పోవలెనో కొంచెము సలహా యిచ్చిరి. పట్టాలేనివానికి నష్టమే లేదని కాగితము చెప్పును. భూమి కొన్నవాడు వేరొక ఊర కాపురము పెట్టుకొనెను. కౌలుదారు ముందున్నదానికంటె బీదనేలకు పోయెను. కూలివారికై కట్టిన నారిస్ పట్టణము ఆదర్శపట్టణమని పేరుపొందినది; అందు నల్లవారికి ఇల్లియ్యలేదు. నల్లజాతి హక్కుల సంఘమువారు 1934లోనే దీనిని విచారించి గట్టిగా నిందించిరి. అడవులు పెంచుటకు పంపిన యువకుల దళమునందును ఇట్లే. 1933 మొదలు 1942 వరకు సుమారు ముప్పది లక్షలమంది యువకులు అందు చేరి, సుమారు మూడువందల కోట్ల మొక్కలు నాటిరి. నెలకు ముప్పది డాలర్ల జీతములో ఇరువదియైదు వారి తల్లిదండ్రులకే పోయెడిది. గొప్ప పని. అయినను నల్లవారి శిబిరములు వేరు. 1935 నాటి సామాజికరక్షణ చట్టమున వ్యవసాయకూలీలను, ఇంటిపని వారిని చేర్చలేదు. దక్షిణరాష్ట్రముల నల్లవారిలో పెక్కుమంది చేయు పనులు సరిగా ఆ రెండే. న్యాయము పేరుతో వచ్చిన చట్టము ఎవరిని లెక్కలోనికి తీసికొన్నదని అడుగవలసిన అవసరము ఇందువలన కలుగుచున్నది.

మొదటి ముడియైన పొగలేని శక్తి కూడ వీడిపోయెను. రెండవ ప్రపంచయుద్ధమున అల్యూమినియమునకు, ఓక్ రిడ్జిలోని అణుకర్మాగారములకు అపారమైన విద్యుత్తు కావలసివచ్చెను. యుద్ధానంతరమున నది యిచ్చునది చాలలేదు. అంతట సంస్థ బొగ్గువైపు తిరిగెను. 1955 నాటికి ఆనకట్టలకంటె బొగ్గువలననే ఎక్కువ శక్తి పుట్టుచుండెను. కొండవాలు మన్నును కాపాడుటకై పుట్టిన సంస్థయే, కొండల పైమన్ను నెత్తివేసి త్రవ్విన బొగ్గును టన్నుల కొలది కొనెను. చౌకవెలయే ధర్మమని మొదట ఎన్నుకొనినవారు, ఆ వెలను నిలుపుటకే నదిని విడిచి గనిని పట్టిరి. 2008 డిసెంబరు 22వ తేదీ రాత్రివేళ కింగ్‌స్టన్ కేంద్రమువద్ద బూడిదచెరువు గట్టు తెగి, నూరు కోట్ల గ్యాలన్లకు మించిన బూడిదబురద నదిలోను, ఇండ్లమీదను పడెను. దానిని ఎత్తిపోసిన కూలీలు రోగగ్రస్తులై న్యాయస్థానమున కెక్కిరి. కాంట్రాక్టరు తన విధిని నెరవేర్పలేదని 2018లో జ్యూరీ నిర్ణయించెను. ఇటీవల ఆ సంస్థ కొన్ని బొగ్గు కేంద్రములను మూసినది: పారడైజు కేంద్రము 2020లో, బుల్ రన్ కేంద్రము 2023లో నిలిచిపోయినవి.

ఈ లోయకథ మన దేశమునకు పరాయిది కాదు. 1943 నాటి దామోదర నది వరద తరువాత, టెన్నెసీ సంస్థలో పనిచేసిన వూర్డ్విన్ అను ఇంజనీరును రప్పించి పథకము వ్రాయించిరి. 1948లో దామోదరలోయ సంస్థ పుట్టెను. తిలైయా, కోనార్, మైథాన్, పాంచెట్ ఆనకట్టలు 1953, 1959 సంవత్సరముల మధ్య పూర్తియైనవి. ఆ సంస్థయు క్రమముగా బొగ్గు సంస్థయే యైనది. తల్లి నడచిన బాటనే బిడ్డయు నడచినది.

2019 ఫిబ్రవరి 7వ తేదీన ఒకాసియో కార్టెజ్ ప్రతినిధిసభలోను, మార్కీ సెనేటులోను గ్రీన్ న్యూడీల్ తీర్మానమును ప్రవేశపెట్టిరి. పదియేండ్ల జాతీయోద్యమము, పొగలేని శక్తి, తగిన కూలిగల ఉద్యోగములు, ఇంతవరకు నష్టపోయిన జాతులకును, బొగ్గుపల్లెలకును ముందుగా సాయము, ఇవి అందలి మాటలు. పాత న్యూడీల్ నల్లవారిని విడిచినదని ఆ తీర్మానముననే సూచించుట గమనింపదగినది. మార్చి 26న సెనేటులో దానిని చర్చకు గొనుటకే ఒక్క వోటును రాలేదు. వ్యతిరేకముగా 57 వోట్లు. అనుకూలురలో పెక్కురు హాజరు మాత్రము పలికి ఊరకుండిరి. దానికి బదులుగా కాదు గాని, దాని ఛాయ కొంత గల చట్టము 2022 ఆగస్టు 16న వచ్చెను. గాలిమరలకు, సౌరశక్తికి పన్ను రాయితీలు. న్యాయమైన కూలి యిచ్చినచో అధికము. గనులు మూతపడిన ప్రాంతమున కట్టినచో మరికొంత. 2025 జులైలో వేరొక చట్టము ఆ రాయితీలలో పెక్కింటిని కుదించెను. నారిస్ బిల్లునకు రెండుమార్లు కలిగిన గతిని తలచినవారికి ఇందు ఆశ్చర్యము లేదు.

నారిస్ జలాశయపు కౌలుదారు ప్రశ్న మాత్రము మన పొరుగుననే మరల తలయెత్తినది. అనంతపురము సరిహద్దున, తెలుగుమాట వినబడు పావగడ తాలూకాలో అయిదు గ్రామముల యందు పదుమూడువేల యెకరములలో సౌరఫలకములు పరచిరి; 2019 చివరకు 2,050 మెగావాట్ల కేంద్రము పూర్తియయ్యెను. ఇక్కడ భూమిని కొనలేదు, కౌలుకు తీసికొనిరి. ఎకరమునకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేండ్ల కొకసారి కొంత హెచ్చింపు. పట్టా రైతు పేరనే యుండును. ఏండ్ల తరబడి వానలేక బీడుపెట్టిన రైతునకు ఇది మేలైన యేర్పాటనియే నా యభిప్రాయము. టెన్నెసీ వారికంటె మనవారు ఈ యొక్క విషయమున ముందడుగు వేసిరి. భూమిలేని కూలీలకు కౌలు రాదు. వేరుసెనగ చేలలో కలుపు తీసినవారు, ఆ బీళ్లలో మేకలను గొఱ్ఱెలను మేపినవారు వారే. ఫలకములు బిగించునంతకాలము వారికి కూలి దొరకినది. బిగించిన పిమ్మట గడ్డి కోయుటకు, ఫలకములు కడుగుటకు, కావలికి కొందరు చాలిరి.